లైన్ క్లియర్

మా నాన్న రైల్వేలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు. గుంటూరు నుంచి గుంతకల్లు దాకా ఇంకా మీటర్ గేజి పట్టాలే ఉన్న రోజులు. కంభం దాటాక, ఊరికి మైలు దూరంలో, రెండు వేపచెట్లూ ఒక చేదబావీ ఉన్న చిన్న స్టేషను మాది. మేముండే క్వార్టర్లని ఊళ్లోవాళ్లు ‘లైన్లు’ అనేవాళ్లు. సంతకి వెళ్తే “ఎవరబ్బాయివిరా?” అని అడిగేవారు. “లైన్లలో ఉంటామండీ” అంటే చాలు, ఇంకేమీ అడక్కుండా నాలుగు వంకాయలు కొసరు వేసేవారు.

అలా నాకు ఊహ తెలిసేసరికి ‘లైను’ అంటే ఇల్లు.

పట్టాలు కూడా లైనే. “లైన్ మీదికి పోయావంటే కాళ్లు విరగ్గొడతా” అని అమ్మ రోజూ అనే మాట. ప్లాట్‌ఫారానికి ఆనుకుని ఉన్నది మెయిన్ లైను, ఎదురు బండికి దారి ఇవ్వడానికి పక్కకి తప్పుకునేది లూప్ లైను. గార్డు బండి దిగితే ఆయన వెనకాల పోర్టరు మోసుకొచ్చే ఇనప్పెట్టె లైన్ బాక్సు. అందులో ఎర్రజెండా, పచ్చజెండా, చేతిదీపం, పట్టాల మీద పెడితే చక్రం కింద ఢామ్మని పేలే డిటొనేటర్లు. ఆ పెట్టె మూత తెరిచినప్పుడు వచ్చే కిరసనాయిలు వాసన ఇప్పటికీ నా ముక్కుకి తెలుసు.

బళ్లో వేశాక ఇంకో లైను వచ్చింది. మార్కాపురం పలక మీద పంతులుగారు మేకుతో రెండు గీతలు గీసిచ్చి, “అక్షరం లైన్ దాటకూడదు” అన్నారు. పక్కనే ఉన్న మార్కాపురం గనుల్లోంచి వచ్చిన రాయి అది, నల్లగా, చల్లగా ఉండేది. నేను బలపం పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. లైను దాటేటప్పుడు రెండు వైపులా చూసుకో అని అమ్మ చెప్పిందిగానీ, అసలు దాటకూడదని చెప్పలేదు. ఇంటికొచ్చి అడిగితే నాన్న నవ్వలేదు. నన్ను స్టేషను గదిలోకి తీసుకెళ్లి, “ఇదిగో, ఇది చూడు. దీనికి కూడా దాటకూడని లైను ఉంది” అని అక్కడున్న ఒక యంత్రం చూపించాడు.

దాన్ని నీల్స్ బాల్ టోకెన్ యంత్రం అంటారని తర్వాత తెలిసింది. రెండు స్టేషన్ల మధ్య ఒకే ఒక జత పట్టాలు. అటునుంచి ఒకటీ ఇటునుంచి ఒకటీ బండ్లు ఒకేసారి బయల్దేరితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకని ఈ స్టేషన్లో ఒక యంత్రం, పక్క స్టేషన్లో దాని జంట. వాటి కడుపులో ఉక్కు గుండ్లు. ఏ బండి డ్రైవరైనా సరే, ఆ గుండు చేతికి రానిదే స్టేషను దాటి కదలకూడదు. ఒక వైపు ఒక గుండు బయటికి వచ్చిందంటే, అది మళ్లీ ఏదో ఒక యంత్రం కడుపులో పడేదాకా రెండు వైపులా ఇంకొకటి రాదు. మనిషి మరిచిపోయినా యంత్రం మరిచిపోదు.

గుండు ఊరికే రాదు, అడగాలి. నాన్న ముందు ఒక్క గంట కొట్టేవాడు, వినండి అని. పక్క స్టేషనాయన ఒక్కటి కొట్టి పలికేవాడు. అప్పుడు ఫోనెత్తి బండి నంబరు చెప్పి, రెండు గంటలు. లైన్ క్లియరా? అని అర్థం. అటువైపు ఆయన లైను ఖాళీగా ఉందని చూసుకుని అవే రెండు గంటలు తిరిగి కొట్టి, పిడి తిప్పి పట్టుకుంటేనే ఇక్కడ నాన్న పిడి తిరిగేది. ఠక్కున గుండు దొర్లి పడేది. దాన్ని తోలు సంచిలో వేసి, సంచిని బెత్తం రింగుకి కట్టి, బండ్లకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌కి ఇస్తే, ఆగని బండి అయితే ఆయన ప్లాట్‌ఫారం చివర చెయ్యి చాపి నిలబడేవాడు. ఇంజన్ మీద నుంచి వంగిన డ్రైవరు మోచెయ్యి ఆ రింగులోకి దూరేది, పాత రింగు కంకర మీద దొర్లుతూ పడేది. దాన్ని పరుగెత్తి తెచ్చివ్వడానికి మా లైన్ల పిల్లలందరం పోటీ పడేవాళ్లం. బరువుగా ఉండేది. ఒక్కోసారి వేడిగా కూడా ఉండేది, డ్రైవరు బాయిలరు పక్కన వేలాడదీసుకుంటాడు కాబట్టి.

బండి కదిలాక మూడు గంటలు, సెక్షన్లోకి వస్తోందని. చేరినాయన ఆఖరి పెట్టె వెనక ఉండే పలకని, రాత్రయితే ఎర్రదీపాన్ని కళ్లారా చూడాలి. మధ్యలో ఏ పెట్టే తెగి ఆగిపోలేదని అదే సాక్ష్యం. చూసుకుని, గుండు యంత్రంలో వేసి, నాలుగు గంటలు కొట్టేవాడు. అంటే బండి క్షేమంగా, పూర్తిగా చేరింది, లైను ఖాళీ. అవతలాయన ఆ నాలుగూ తిరిగి కొట్టేదాకా నాన్న కుర్చీలో వెనక్కి వాలేవాడు కాదు. ఎన్ని గంటలు విన్నారో అన్నీ తిరిగి కొట్టాలి. ఆ పద్ధతి మీద ఆయనకి ఎంత నమ్మకమంటే, ఇంట్లో కూడా పెట్టాడు. చీకటి పడ్డాక ఎవరం ఇంటికొచ్చినా తలుపు మీద నాలుగు సార్లు కొట్టాలి. లోపలున్నవాళ్లు ఏది దొరికితే దానిమీద, మంచం పట్టె మీదనో బిందె మీదనో, నాలుగు కొట్టి తలుపు తీయాలి. నంద్యాలలో ఐటిఐ చదివేటప్పుడు శనివారం ఆఖరి బస్సు దిగి వచ్చి తలుపు కొడితే, నిద్రలోంచే ఆయన వేళ్లు మంచం పట్టె మీద టక్ టక్ టక్ టక్ మనేవి. అమ్మ “ఎవరూ” అని ఎప్పుడూ అడగలేదు.

ఆ ఐటిఐ రోజుల్లోనే ‘లైనేయడం’ అనే ఇంకో అర్థం కూడా తెలిసింది. దాని సంగతి ఇక్కడ వద్దు. మా ఇంటావిడకి తెలుసు.

కరెంటు డిపార్టుమెంటులో ఉద్యోగం వచ్చింది. 33/11 కెవి సబ్‌స్టేషన్లో షిఫ్ట్ ఆపరేటరు. మొదటి రోజు పొద్దున్నే ఒక పెద్దాయన సైకిల్ స్టాండు వేసి లోపలికొచ్చి, “సార్, 2వ ఫీడరు మీద లైన్ క్లియర్ ఇవ్వండి” అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఊరు కాని ఊళ్లో మా నాన్న మాట! ఒక్క క్షణం పట్టాలు ఎక్కడున్నాయా అని కిటికీలోంచి చూశాను కూడా.

ఇక్కడ లైన్ క్లియర్ అంటే వేరు. స్తంభం ఎక్కి పని చేసుకోవాలంటే ఆ తీగలో కరెంటు ఉండకూడదు. లైన్‌మన్ వచ్చి అడిగితే ఆపరేటరు ఆ ఫీడరు, అంటే సబ్‌స్టేషను నుంచి బయటికి పోయే ఆ లైను, బ్రేకరు తీసి, లైనుని విడదీసే ఏబీ స్విచ్ కూడా తెరిచి, పేరూ టైమూ ఏ పనో రిజిస్టరులో రాసి, అప్పుడు ఎల్సీ, అంటే లైన్ క్లియర్, ఇస్తాడు. లైను డెడ్ అయిందని చూసుకుని, పొరపాటున కరెంటు వచ్చినా నేలలోకి పోయేలా ఎర్త్ రాడ్లు తగిలించి అతను ఎక్కుతాడు. పని అయ్యాక దిగి, తీసుకున్న మనిషే వచ్చి ఎల్సీ రిటర్న్ చేయాలి. అప్పుడే ఫీడరు చార్జ్ చేయాలి, అంటే మళ్లీ కరెంటు వదలాలి. ఇదంతా నేను సెలవుకి ఇంటికెళ్లినప్పుడు నాన్నకి వివరంగా చెప్పాను. ఆయన భోజనం ఆపి విన్నాడు.

“మా దగ్గర లైన్ క్లియర్ ఇస్తే బండి వస్తుంది. మీ దగ్గర ఇస్తే ఏదీ రాకూడదు. అంతేనా?”

“అంతే నాన్నా.”

కాసేపటికి చెయ్యి కడుక్కుంటూ మళ్లీ అడిగాడు. “సరే. మరి మనిషి దిగాడని నీకు ఎవరు తిరిగి కొడతారు?”

ఆ ప్రశ్నకి రిజిస్టరు ఉందని జవాబు చెప్పాను. ఆయన ఏమీ అనలేదుగానీ తృప్తిపడలేదని తెలుస్తూనే ఉంది.

1991లో వర్షాకాలం. మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్లాను. పొద్దుటి ఆపరేటరు తొందరలో ఉన్నాడు, ఒక్కటే ఎల్సీ ఉందని చెప్పి వెళ్లిపోయాడు. నాలుగున్నరకి ఆ లైన్‌మన్ వచ్చి, పని అయిందని సంతకం చేసి రిటర్న్ ఇచ్చాడు. గేటు బయట ఏడెనిమిది మంది రైతులు. మోటార్లకి కరెంటు వచ్చే గంటలు అయిపోతున్నాయని కోపంగా ఉన్నారు. నేను ఏబీ స్విచ్ వేసి వచ్చి బ్రేకరు దగ్గర చెయ్యి పెట్టాను. ఎందుకో, నాన్న ఆఖరి పెట్టె వెనక చూసినట్టు, ఇంకోసారి రిజిస్టరు చూద్దామనిపించింది. ఆ పేజీ అంచున, గడులకి బయట, పెన్సిలుతో ‘11-20’ అని ఉంది. పేరు లేదు, పని లేదు. ఆ అంకెల కింద చిన్న గీత.

అది ఎల్సీ కావచ్చు, లైను ట్రిప్ అయి కరెంటు పోయిన టైము ఎవరో రాసుకున్నది కావచ్చు. అడుగుదామంటే రాసినాయన బస్సెక్కేశాడు. ఏబీ స్విచ్ మళ్లీ తెరిచి తాళం వేసి, మా హెల్పరు కుర్రాణ్ని సైకిలు మీద లైను వెంబడి పంపించాను. గంటన్నర. ఆ గంటన్నరా గేటు దగ్గర నన్ను అనని మాట లేదు. నిజానికి వాళ్ల తప్పేం లేదు, నారు ఎండిపోతోంది. కుర్రాడు చీకటి పడబోతుండగా వచ్చాడు, వెనకే ఇంకో సైకిలు. పక్క సెక్షన్ లైన్‌మన్ ఒకాయన పొద్దున్న వచ్చి నోటిమాటగా చెప్పి వెళ్లాడట. ఆరు కిలోమీటర్ల అవతల స్తంభం మీద కూర్చుని, తీగకీ తీగకీ కలిపే జంపరు కడుతూ ఉన్నాడట. ఎర్త్ రాడ్డు తగిలించలేదు.

ఆయన నాతో ఏమీ అనలేదు. నేనూ అనలేదు. కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగి, రెండో చెంబు ముంచుకుని మళ్లీ తాగాడు. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ఆయన ఎల్సీకి వస్తే పెన్ను నా చేతిలోంచి తీసుకుని తన పేరు తనే రాసేవాడు, పెద్ద పెద్ద అక్షరాలతో, గడి నిండా. నేను కూడా ఆ రోజు నుంచి రిజిస్టరు ఒక్కటే నమ్మడం మానేశాను. లైన్‌మన్ చెప్పినది నేను తిరిగి చెప్పేవాణ్ని, నేను చెప్పినది అతనితో తిరిగి చెప్పించేవాణ్ని. ఫీడరు పేరు, మనుషులు ఎంతమంది, ఎవరెవరు. కొత్త కుర్రాళ్లు విసుక్కునేవాళ్లు. విసుక్కుంటూనే చెప్పేవాళ్లు.

ఇంటికి రాసిన ఉత్తరంలో నాన్నకి ఈ సంగతంతా రాశాను. జవాబుగా వచ్చిన కార్డులో అమ్మ ఆరోగ్యం, వానలు, తమ్ముడి ఫీజు. చివర్న నాలుగు చుక్కలు పెట్టాడు. ఆ కార్డు నా దగ్గర ఉంది.

అప్పటి నుంచి ఈ మాటంటే నాకు ఒక రకమైన భక్తి. ఎక్కడ ‘లైను’ వినిపించినా చెవి అటు తిరుగుతుంది. “మీ అబ్బాయి ఏ లైన్లో ఉన్నాడు?” అంటే ఉద్యోగం. కథకి ‘లైను’ అంటే సినిమావాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్పే సారాంశం. క్రికెట్లో లైనూ లెంగ్తూ. రేషన్ షాపు ముందు లైను. ఎరువుల కొట్టు ముందు యూరియా కోసం తెల్లవారుజామున చెప్పుల జతలు వరసగా ఉంటాయి, అదీ లైనే. మనిషి వేపచెట్టు నీడన ఉంటాడు, చెప్పులు ఎండలో నిలబడతాయి.

మా అమ్మమ్మ ఒకసారి పోస్టాఫీసు నుంచి మా పెద్దమామయ్యతో ట్రంకు కాల్ మాట్లాడాల్సి వచ్చింది. “లైన్లో ఉండండి” అని అటునుంచి ఆపరేటరమ్మ అంటే, రిసీవరు రెండు చేతులతో పట్టుకుని, “ఇక్కడే ఉన్నా తల్లీ, నేనెక్కడికీ పోలేదు” అంది. నలభై నిమిషాలు అలాగే నిలబడింది. కూర్చోమని స్టూలు వేస్తే కూర్చోలేదు, కూర్చుంటే లైను పోతుందేమోనని.

మా తెలుగు మేస్టారికి మాత్రం ఈ మాట గిట్టేది కాదు. ఒకరోజు బోర్డు మీద వరసగా రాయించారు. పలక మీద ఉంటే గీత, లెక్కల్లో రేఖ, మనుషులు నిలబడితే బారు, విస్తళ్ల ముందు కూర్చుంటే పంక్తి, పద్యంలో పాదం, స్తంభాల మీద తీగ, పొలంలో సాలు, బతుకులో దారి. “ఇన్ని మాటలుండగా ఒక్క మాటతో సరిపెట్టుకుంటారేంరా” అని బాధపడేవారు. ఆయన బాధ అప్పుడు అర్థం కాలేదు. కరెంటు, రైలు మనతో పుట్టినవి కావు, వాటి మాట వాటితోనే వచ్చింది, అందులో నాకు లోటేమీ కనిపించదు. తీగ క్లియర్ అంటే ఎవరూ స్తంభం ఎక్కరు. కానీ మొన్నామధ్య మిరపచేలో ఒక కుర్రాడు “లైన్‌కి లైన్‌కి మధ్య రెండడుగులు పెట్టాం అంకుల్” అన్నప్పుడు మాత్రం గుండె కలుక్కుమంది. సాలు అన్న మాటలో నాగలి ఉంది, ఎద్దుల డెక్కల చప్పుడుంది. ఆ మాట పోకూడదు. పిల్లలు కనిపిస్తే ఇప్పటికీ పట్టుకుని చెప్తుంటాను.

రిటైరయ్యాక తీరిక దొరికి, ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు వెతికాను. ఇంగ్లీషులో ఇలాంటి మాటలు చాలానే ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 ముద్రణలో సెట్ అనే క్రియ ఒక్కదానికే 430 అర్థాలు ఇచ్చారట. లైను అంత పెద్దది కాకపోవచ్చు. కానీ దాని మూలం చూసి నేను పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్లాను. లాటిన్లో లీనియా అంటే నారదారం. లీనం అనే మొక్క నార నుంచి తీసిన దారం కాబట్టి ఆ పేరు. ఆ మొక్క మన అవిసె! అవిసె గింజలు వేయించి, ఎండుమిర్చీ వెల్లుల్లీ వేసి అమ్మ రోట్లో దంచిన కారం పట్టుకుని మేం బడికి వెళ్లేవాళ్లం. రోలు చుట్టూ చేరి, వేడివేడి అన్నంలో మొదటి ముద్ద కోసం కొట్టుకునేవాళ్లం. ఆ మొక్క కాడలోంచి వచ్చిన దారాన్నే తాపీపని వాళ్లు బిగించి కట్టి, గోడ తిన్నగా ఉందో లేదో చూసుకుంటే, దారం పేరే గీతకి వచ్చింది. గీత పేరు పట్టాలకి, తీగలకి, మనుషుల బారుకి. లినెన్ బట్టా, జాకెట్టు లోపల కుట్టే లైనింగూ ఆ నార బిడ్డలే. మా అమ్మ రోలూ మా నాన్న గంటా ఒకే మొక్కకి పుట్టాయని తెలిసి ఆ పూట నాకు అన్నం సహించలేదు, సంతోషంతో.

అన్ని అర్థాలూ అంత చల్లగా ఉండవు. డెడ్‌లైన్ అని మా అమ్మాయి ఫోన్లో రోజూ అంటుంది. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, జార్జియా రాష్ట్రంలో ఆండర్సన్‌విల్ అనే చోట ఖైదీల శిబిరం ఉండేది. లోపల కంచెకి కాస్త ఇవతల ఒక గీత లాంటి దడి కట్టారు. దాన్ని దాటిన ఖైదీని కాపలావాడు కాల్చేయవచ్చు. ఆ గీతకి పెట్టిన పేరు అది. తర్వాత పత్రికలవాళ్లు గడువుకి వాడుకున్నారు. మా సబ్‌స్టేషన్లో ‘లైను డెడ్’ అన్న మాట వింటే ప్రాణం కుదుటపడేది, మనిషి భద్రంగా ఉన్నాడని. ఆ రెండు మాటలే తిరగేసి కలిపితే మనిషి ప్రాణం తీసే గీత అయింది. ఇది తెలిశాక అమ్మాయితో, “గడువు అనమ్మా, వినడానికి బావుంటుంది” అన్నాను. “సరే నాన్నా” అంది. ఒక్కోసారి గుర్తుపెట్టుకుని అంటుంది కూడా.

1990ల్లో మీటర్ గేజి తీసేశారు. మీటరు వెడల్పు పట్టాలు పోయి 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజి వచ్చింది. నాన్న ఆ యంత్రం మళ్లీ చూడలేదు. చూడాలని అడగనూ లేదు. ఆయన పోయాక చాలాకాలానికి, పోయిన సంక్రాంతికి ముందు, ఆ స్టేషను మీదుగా వెళ్లాను. మా లైన్లు లేవు, చేదబావి పూడ్చేశారు. వేపచెట్టు ఒకటుంది. పట్టాల పైన ఇప్పుడు 25 కెవి తీగ. ప్లాట్‌ఫారం చివర, పాయింట్స్‌మన్ చెయ్యి చాపి నిలబడే చోట, నేనూ నిలబడి పైకి చూశాను. కింద నాన్న లైను, పైన నా లైను, రెండూ ఒకే దిక్కుకి పోతున్నాయి. ఆయనుంటే, “ఇప్పుడు లైన్ క్లియర్ అంటే ఏ లైనురా?” అని తప్పకుండా అడిగేవాడు. ఇక్కడ రెండూ అడగాలి నాన్నా, తీగ మీద పని ఉంటే కరెంటు ఆపాలి, బండీ ఆపాలి అని చెప్పేవాణ్ని.

మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. అక్కడ క్యూ అంటే అర్థం కాదట, లైన్ అనాలట. ఆఫీసు నుంచి ఒక్కతే కారు నడుపుకుంటూ రాత్రి ఇల్లు చేరుతుంది, మనకి తెల్లవారి ఉంటుంది. అప్పుడు ఫోన్ చేస్తుంది. ఒక్కోసారి మాట్లాడే ఓపిక ఉండదు పాపం, గొంతులోనే తెలుస్తుంది. తలుపు గడియ వేసిన చప్పుడు వినిపిస్తుంది. తర్వాత ఫోను వీపు మీద గోటితో నాలుగు సార్లు కొడుతుంది. నేను ఇటునుంచి నాలుగు కొట్టి పెట్టేస్తాను.